రోగి పక్కన మేల్కొని ఉన్నవారి హక్కు

ఇంట్లో ఒకరు మంచం పడితే చుట్టుపక్కలవారు ఏం చేయాలో మనలో చాలామందికి తెలుసు. పరామర్శకు వెళ్ళాలి. దీన్నే మనం ఇయాదత్ అంటాం. రోగి కోసం దుఆ చేయాలి, దగ్గర కూర్చుని ధైర్యం చెప్పాలి. ఒక ముస్లింకు మరో ముస్లింపై ఉన్న హక్కులలో ఇది ఒకటని హదీసు గ్రంథాలు స్పష్టంగా చెబుతున్నాయి. అల్‌హందులిల్లాహ్, మన ఊళ్ళలో ఈ సున్నత్ ఇంకా బతికే ఉంది.

అయితే పరామర్శకు వెళ్ళినవారు రోగిని పలకరిస్తారు, మందుల గురించి అడుగుతారు, టీ తాగి తిరిగి వస్తారు. ఆ టీ పెట్టి తెచ్చిన మనిషి రాత్రి ఎంతసేపు నిద్రపోయిందో అడిగేవారు అరుదు. రోగి పక్కన మేల్కొని ఉండేవారిని ఉర్దూలో తీమార్‌దార్ అంటారు, ఆ సేవను తీమార్‌దారీ అంటారు. తల్లి కావచ్చు, భార్య కావచ్చు, కోడలు కావచ్చు, కొడుకు కావచ్చు. రోగి శరీరం మీద పడిన భారం అందరికీ కనిపిస్తుంది. తీమార్‌దార్ మనసు మీద పడిన భారం ఎవరికీ కనిపించదు. ఆ భారం ఏమిటి, వైద్య పరిశోధకులు దాని గురించి ఏం తెలుసుకున్నారు, మన ధర్మం దాని విషయంలో ఏ బాట చూపింది అన్నవి ఈ పాఠంలో చూద్దాం.

ఉద్దానం ఇళ్ళలో జరుగుతున్న పరీక్ష

మన శ్రీకాకుళం జిల్లాలో దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు కలిసిన ఉద్దానం ఒకప్పుడు కొబ్బరి, జీడి, పనస తోటలకు పేరు మోసింది. గత కొన్ని దశాబ్దాలుగా అక్కడ కిడ్నీ జబ్బు ఇంటింటి మాట అయింది. 2019లో ప్రచురితమైన ఒక సర్వేలో రెండు వేలకు పైగా వ్యక్తులను పరీక్షించగా, దాదాపు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి కనిపించింది. వారిలో ఎక్కువమందికి చక్కెర వ్యాధి, రక్తపోటు వంటి మామూలు కారణాలు లేవు. నీరా, నేలా, ఎండలో చేసే కష్టమా, మరొకటా అన్నది పరిశోధకులు ఇంకా తేల్చలేదు.

ప్రభుత్వాలు కొన్ని పనులు చేశాయి. డయాలసిస్ కేంద్రాలు పెట్టారు. డయాలసిస్ రోగుల పింఛను 2019లో నెలకు 10 వేల రూపాయలకు పెరిగింది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఉద్దానానికి సురక్షితమైన మంచినీటి పథకం వచ్చింది. ఇవి అవసరమైన పనులే. అయితే ఇవన్నీ రోగి కోసం. రోగితో పాటు నడిచే మనిషి సంగతి ఏ లెక్కలోనూ లేదు.

డయాలసిస్ అంటే ఏమిటో ఒకసారి ఆలోచించండి. వారానికి రెండు మూడు సార్లు ఆసుపత్రికి వెళ్ళాలి. ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు మిషను పక్కనే పడుకోవాలి. రానుపోను ప్రయాణం, వరుసలో ఎదురుచూపు కలిపితే రోజంతా పోయినట్టే. రోగితో వెళ్ళినవారి కూలి కూడా ఆ రోజుకు పోతుంది. ఇంటికి వచ్చాక తాగే నీళ్ళు కొలవాలి, ఉప్పు తగ్గించాలి. పొటాషియం ఎక్కువగా ఉంటుంది కాబట్టి కొబ్బరినీళ్ళు చాలామంది రోగులకు వద్దంటారు. కొబ్బరితోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి దాహంతో ఒక్క బోండాం అడిగితే, పక్కనున్న భార్య వద్దని చెప్పాలి. ఎండుచేప ముక్క అడిగితే లేదనాలి. చెప్పిన ప్రతిసారీ ఆమె గుండె తరుక్కుపోతుంది. ఇవ్వకపోతే కఠినాత్మురాలు అంటారు. ఇస్తే జబ్బు పెంచింది అంటారు. ఒకే ఇంట్లో ఒకరికంటే ఎక్కువమంది రోగులున్న కుటుంబాలు కూడా ఉద్దానంలో ఉన్నాయి. అలాంటి ఇంటి ఇల్లాలికి ఒకరి సేవ ముగిసేలోగా మరొకరి సేవ మొదలవుతుంది.

ఇది ఉద్దానానికే పరిమితమైన కష్టం కాదు. విజయనగరంలో పక్షవాతంతో మంచం పట్టిన తండ్రి ఉన్న ఇంటిలో, బొబ్బిలిలో మతిమరుపు జబ్బుతో అర్ధరాత్రి తలుపు తీసుకుని బయటికి పోయే నానీ ఉన్న ఇంటిలో, మానసిక వ్యాధితో బాధపడే కుర్రవాడిని విశాఖపట్నం ఆసుపత్రికి తిప్పే ఇంటిలో ఇదే భారం ఉంటుంది. మన రెండు జిల్లాల నుంచి కొడుకులు బతుకుతెరువు కోసం హైదరాబాదుకు, చెన్నైకి, గల్ఫ్ దేశాలకు వలస పోతారు. డబ్బు పంపేది కొడుకు. పక్క మార్చేది కోడలు.

పరిశోధకులు తెలుసుకున్నది

రోగిని ఒంటరి మనిషిగా కాక ఒక కుటుంబంలోని మనిషిగా చూడాలన్న ఆలోచన వైద్యంలో 20వ శతాబ్దం మధ్యలో బలపడింది. అమెరికాలో మర్రే బోవెన్ అనే మానసిక వైద్యుడు 1954 తరువాతి కొన్నేళ్ళలో రోగులతో పాటు వారి కుటుంబాలను కూడా ఆసుపత్రి వార్డులోనే ఉంచి గమనించాడు. మన దేశం ఈ విషయంలో వెనుకబడి లేదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను పిలిపించి, ఆవరణలో గుడారాలు వేయించి, రోగి పక్కనే ఉంచి వైద్యం చేశారు. ఆ తరువాత వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ అదే దారిలో నడిచాయి. ఇలా కుటుంబం మొత్తాన్ని కూర్చోబెట్టి మాట్లాడి, రోగాన్ని ఎదుర్కొనే తీరును సరిచేసే పద్ధతిని కుటుంబ చికిత్స అంటున్నారు.

ఆ తరువాత పరిశోధకుల చూపు సేవ చేసేవారి మీద పడింది. 1980లో స్టీవెన్ జారిట్, ఆయన సహచరులు సేవ చేసేవారి భారాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. తనకంటూ సమయం మిగలడం లేదా, కోపం వస్తోందా, ఆరోగ్యం దెబ్బతింటోందా, ఇంకా ఎక్కువ చేయాలనే అపరాధ భావం వేధిస్తోందా వంటి సంగతులను అందులో అడుగుతారు. దాని రూపాలను నేటికీ అనేక దేశాల్లో వాడుతున్నారు.

1999లో అమెరికాలో షుల్జ్, బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు మరో ముఖ్యమైన సంగతి ప్రకటించారు. జబ్బుపడిన భర్తకో భార్యకో సేవ చేస్తున్న వృద్ధులను వారు నాలుగేళ్ళపాటు గమనించారు. సేవ వల్ల మనసు నలిగిపోయినవారిలో మరణించే ముప్పు, అలాంటి బాధ్యత లేనివారితో పోలిస్తే 63 శాతం ఎక్కువగా కనిపించింది. సేవ చేస్తూ కూడా అలాంటి నలుగుడు లేనివారిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రెండో మాటను జాగ్రత్తగా పట్టుకోవాలి. మనిషిని కుంగదీసింది సేవ కాదు. తోడు లేకుండా, విరామం లేకుండా, మంచి మాట లేకుండా సేవ చేయవలసి రావడమే ఎక్కువగా కుంగదీస్తుంది. కాబట్టి సేవను తగ్గించడం మన పరిష్కారం కాదు. సేవ చేసేవారిని ఒంటరిగా వదిలేయకపోవడమే పరిష్కారం.

మాట తీరు మందులాంటిది

లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి తగ్గి ఇంటికి వెళ్ళిన రోగులను గమనించాడు. కొందరికి జబ్బు త్వరగా తిరగబెడుతోంది, కొందరికి లేదు. ఎందుకు? కుటుంబ సభ్యులతో గంటలకొద్దీ మాట్లాడించి, వారి మాటలనే కాక గొంతులోని విసుగును కూడా లెక్కించారు. 1976లో ఆయన సహచరులు ప్రకటించిన ఫలితాల ప్రకారం, విమర్శ, ద్వేషం, హద్దు మీరిన ఆందోళన ఎక్కువగా ఉన్న ఇళ్ళకు వెళ్ళినవారిలో దాదాపు సగం మందికి తొమ్మిది నెలల్లో జబ్బు తిరగబెట్టింది. మెత్తని వాతావరణం ఉన్న ఇళ్ళలో అది 13 శాతమే. 1987లో చండీగఢ్‌లో ఇదే పద్ధతిలో చూస్తే, అలాంటి కటువైన ఇళ్ళు లండన్ కంటే మన దగ్గర తక్కువగా కనిపించాయి.

ఇది చదివినప్పుడు బనీ ఇస్రాయీల్ సూరా గుర్తుకు రాక మానదు. ముసలితనానికి చేరిన తల్లిదండ్రుల పట్ల విసుగుతో 'ఉఫ్' అనే చిన్న శబ్దాన్ని కూడా అల్లాహ్ అందులో వారించాడు. గౌరవంగా మాట్లాడమన్నాడు, కరుణతో వినయంగా ఉండమన్నాడు. పరిశోధకులు వచ్చి సాక్ష్యం చెబితే తప్ప దివ్య ఖుర్ఆన్ నిలబడదని మేము అనడం లేదు. వారు కొలిచింది ఒక జబ్బును, ఖుర్ఆన్ చెప్పింది మనిషి మొత్తం నడవడిని. కానీ గొంతులోని విసుగు ఎదుటి మనిషిని ఎంతగా గాయపరుస్తుందో గ్రహించడానికి ఈ పరిశోధన మనకు సాయపడుతుంది.

ఇక్కడ ఒక అన్యాయం జరగకుండా చూసుకోవాలి. ఈ ఫలితాలు విన్న కొందరు, రోగానికి ఇంటివారే కారణమని తీర్పు చెప్పేస్తారు. అది తప్పు. విసుగు చాలాసార్లు దుర్మార్గం వల్ల రాదు, అలసట వల్ల వస్తుంది. మూడు రాత్రులు నిద్ర లేని మనిషి గొంతు ఎలా ఉంటుంది? 1982లో లండన్‌లోనే కుటుంబాలకు జబ్బు గురించి నేర్పి, ఒకరితో ఒకరు కష్టం చెప్పుకునే అవకాశం కల్పిస్తే రోగులకు జబ్బు తిరగబెట్టడం తగ్గింది. రోగి, ఇంటివారు రోజంతా ఒకే గదిలో ఒకరి ముఖం ఒకరు చూస్తూ కూర్చోకుండా కొంత ఎడం ఉండేలా చూడడం కూడా ఆ ప్రయత్నంలో భాగం. 'ఉఫ్' అనవద్దని ఒకరికి బోధించే ముందు, ఆ మాట నోటికి వచ్చేదాకా ఆమెను ఒంటరిగా వదిలింది ఎవరని మిగిలిన ఇంటివారు తమను తాము ప్రశ్నించుకోవాలి.

కన్నీరు ఈమాన్‌కు లోటు కాదు

తీమార్‌దారులను లోలోపల తొలిచే మాట ఒకటుంది. 'నాకు ఏడుపు వస్తోంది, కోపం వస్తోంది. ఈ బాధ ముగిసిపోతే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తోంది. నా ఈమాన్ బలహీనమైందా? నాకు సబ్ర్ లేదా?' ఈ మాటను వారు ఎవరితోనూ అనరు. అంటే పాపాత్మురాలిగా చూస్తారని భయం.

సబ్ర్ అంటే బాధ కలగకపోవడం కాదు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ప్రవక్త. కుమారుడు యూసుఫ్ దూరమైన దుఃఖంలో ఆయన కళ్ళు తెల్లబడిపోయాయని ఖుర్ఆన్ తెలుపుతోంది. తన వేదనను అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని ఆయన చెప్పుకున్నారు. అందమైన సహనం అన్న మాట వచ్చింది కూడా ఆయన నోటనే. అంటే కన్నీరు, సహనం ఒకే గుండెలో ఉండగలవు. మన దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పసిబిడ్డ ఇబ్రాహీం తుదిశ్వాస విడుస్తున్నప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. పక్కనున్న సహాబీ ఆశ్చర్యపోతే, అది కరుణ అని వివరించారు.

మనసులో వచ్చిపోయే ఆలోచనకు, మనిషి ఎంచుకుని చేసే పనికి తేడా ఉంది. ఎవరి మీదా వారి శక్తికి మించిన భారం అల్లాహ్ మోపడని బఖరా సూరా చివరి ఆయత్‌లో ఉంది. ఈ ఆయత్‌ను కొందరు అలసినవారి నోరు మూయించడానికి వాడతారు. 'అల్లాహ్ నీకు శక్తి ఇచ్చాడు కాబట్టే పరీక్ష ఇచ్చాడు, ఓర్చుకో' అంటారు. ఆయత్ దయను తెలిపేది. అల్లాహ్ శక్తిని బట్టి బాధ్యత ఇస్తాడని తెలిసినప్పుడు, మనుషులం మనం ఒకే మనిషి మీద శక్తికి మించి మోపడం ఎలా సబబు?

తీమార్‌దారీ ఎంత పెద్ద పని?

హిజ్రీ రెండో సంవత్సరంలో బద్ర్ యుద్ధం జరిగింది. ఇస్లాం చరిత్రలో బద్ర్‌లో పాల్గొన్నవారి స్థానం మనందరికీ తెలుసు. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ రోజు అక్కడ లేరు. ఆయన భార్య, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్రంగా జబ్బుపడి ఉన్నారు. ఆమె దగ్గర ఉండమని దైవప్రవక్తే (స) చెప్పారు. బద్ర్‌లో పాల్గొన్నవారికి లభించే పుణ్యం, వాటా రెండూ ఉస్మాన్‌కు ఉంటాయని తెలిపినట్టు బుఖారీ గ్రంథంలో ఉంది. భార్య మంచం పక్కన కూర్చున్న భర్తను రణరంగంలో నిలబడినవారితో సమానంగా లెక్కించారు. భార్యకు సేవ చేయడం మగవాడికి నామోషీ అనుకునేవారు ఈ సంఘటనను మళ్ళీ మళ్ళీ చదవాలి.

హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఒక జుమా రోజున హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) జబ్బుగా ఉన్నారని విని వెంటనే బయలుదేరారు. జుమా సమయం దగ్గరపడినా రోగి దగ్గరికే వెళ్ళారు. ఇదీ బుఖారీలో ఉన్నదే. రోగిని వదిలి వస్తే అతనికి హాని కలుగుతుందన్నప్పుడు, జమాఅత్‌కు రాలేకపోవడానికి తీమార్‌దారీ ధర్మసమ్మతమైన కారణమని మన హనఫీ ఫిఖ్ గ్రంథాలు చెబుతాయి. తండ్రి పక్కన ఉండి ఇంట్లోనే నమాజు చేసుకున్న యువకుడిని మస్జిదులో కనబడలేదని తప్పుపట్టేముందు ఈ మస్అలా తెలుసుకోవాలి.

బాధ్యత ఎవరిది?

ఇది కొంచెం కష్టమైన ప్రశ్న. అయినా దాటవేయకూడదు. తల్లిదండ్రుల సేవ గురించి ఖుర్ఆన్, హదీసులు చెప్పిన ఆజ్ఞలన్నీ మొదట సంతానానికి చెప్పినవి. అంటే కొడుకులకు, కూతుళ్ళకు. అత్తమామలకు సేవ చేసే కోడలు గొప్ప పుణ్యకార్యం చేస్తోంది, మంచి కుటుంబ జీవితానికి అది అందం కూడా. కానీ షరీఅత్ కొడుకు మెడలో వేసిన బాధ్యతను తీసి కోడలి మెడలో వేసి, అతడు చేతులు దులుపుకోవడానికి వీలు లేదు. ఉలమాలు ఈ తేడాను స్పష్టంగా చెప్పారు.

ఆచరణలో దీని అర్థమేమిటి? కోడలు సేవ మానేయాలని కాదు. ఆమె చేస్తున్నది ఉపకారమని ఇంటివారు గుర్తించాలి. ఉపకారానికి కృతజ్ఞత ఉంటుంది, హక్కుగా వసూలు చేసుకునేదానికి కృతజ్ఞత ఉండదు. కొడుకు దూరదేశంలో ఉంటే డబ్బుతో పాటు రోజూ ఫోను చేసి తల్లితో కాసేపు మాట్లాడి, ఆ తరువాత భార్యను 'నువ్వెలా ఉన్నావు?' అని అడగాలి. సెలవుకు వచ్చినప్పుడు రాత్రి కాపలా తాను తీసుకోవాలి. కూతుళ్ళు పుట్టింటికి వచ్చి తప్పులెన్ని పోవడం కాక, వారం రోజులు ఉండి వదినకు విశ్రాంతి ఇవ్వాలి.

ఇంట్లో మష్వరా

1996లో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ మిటెల్‌మన్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. మతిమరుపు జబ్బు ఉన్నవారికి సేవ చేస్తున్న భార్యలను, భర్తలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు మామూలు సహాయమే అందింది. రెండో జట్టులో సేవ చేసేవారితో విడిగా రెండుసార్లు, కుటుంబమంతటితో కలిపి నాలుగుసార్లు కూర్చుని మాట్లాడారు, తరువాత కూడా అవసరమైనప్పుడు సలహా ఇచ్చారు. ఈ రెండో జట్టువారు తమ రోగిని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చకుండా దాదాపు 329 రోజులు ఎక్కువగా ఇంట్లోనే చూసుకోగలిగారు. ఇక్కడ మందు మారలేదు, జబ్బు తగ్గలేదు. మారింది కుటుంబం కలిసి నిలబడిన తీరు.

కలిసి మాట్లాడుకోవడం మనకు కొత్త విషయం కాదు. పసిబిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులు పరస్పరం సమ్మతించి, సంప్రదించుకోవాలని బఖరా సూరా నేర్పుతోంది. దైవప్రవక్త (స) తమ చివరి జబ్బులో హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఉండి సేవ పొందడానికి మిగిలిన సతీమణుల అనుమతి అడిగారు. రోగి ఎక్కడ ఉండాలి, ఎవరు చూసుకోవాలి అన్నది ఆ ఇంట్లో అందరి ఎరుకలో తేలిన విషయం. మరి మన ఇళ్ళలో ఈ నిర్ణయాలు ఎవరితోనూ చెప్పకుండా, నోరు లేని మనిషి నెత్తిన ఎందుకు పడుతున్నాయి?

ఇంట్లో మష్వరా ఇలా చేసుకోవచ్చు. వారంలో ఒక రోజు, ఇషా తరువాత, రోగితో సహా అందరూ కూర్చోండి. రోగికి ఓపిక లేకపోతే అతని ఇష్టాన్ని ముందే అడిగి తెలుసుకోండి. మొదట సేవ చేసేవారిని మాట్లాడనివ్వండి. వారు చెబుతున్నంతసేపు ఎవరూ అడ్డురాకూడదు, బోధ చేయకూడదు. తరువాత పనులను విడగొట్టండి. ఆసుపత్రికి తోడు ఎవరు, మందులు తెచ్చేది ఎవరు, రాత్రి మేల్కొనేది ఎవరు, ఖర్చు లెక్క చూసేది ఎవరు? ఒకే పేరు అన్ని పనుల పక్కనా వస్తే మష్వరా ఇంకా పూర్తికాలేదని అర్థం. చివరగా సేవ చేసేవారికి వారంలో కనీసం ఒక పూట పూర్తి విశ్రాంతి నిర్ణయించండి.

ఈ విశ్రాంతి స్వార్థం కాదు. రాత్రంతా నమాజు, పగలంతా ఉపవాసం అని తనను తాను, తన ఇల్లాలిని మరిచిన హజ్రత్ అబూ దర్దా (రజి)కు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) హితవు చెప్పారు. ప్రభువుకు హక్కు ఉన్నట్టే శరీరానికీ, ఇంటివారికీ హక్కు ఉందని గుర్తు చేశారు. సల్మాన్ చెప్పింది నిజమని దైవప్రవక్త (స) ధ్రువపరిచారు. ఆరాధన విషయంలోనే ఇంత సమతూకం ఉంటే, తీమార్‌దారీ విషయంలో ఉండవద్దా?

ఆసుపత్రిలో పనిచేసేవారూ మనుషులే

రోగి పక్కన మేల్కొని ఉండేది ఇంటివారు మాత్రమే కాదు. డయాలసిస్ గదిలో నర్సమ్మ, టెక్నీషియన్, వార్డుబాయి, అంబులెన్సు డ్రైవరు, గ్రామంలో ఆశా కార్యకర్త కూడా రోజూ ఇతరుల బాధ మధ్యనే పనిచేస్తారు. వారానికి మూడుసార్లు వచ్చే రోగి వారికి సొంత మనిషిలా అవుతాడు. ఒక రోజు ఆ మంచం ఖాళీగా ఉంటుంది. అరగంటలో మరో రోగి వస్తాడు. ఏడవడానికి వారికి సమయం ఉండదు.

ఇలా పనిలో మనసు ఆరిపోవడాన్ని క్రిస్టీనా మాస్లాక్ అనే పరిశోధకురాలు 1970ల నుంచి వివరిస్తూ వచ్చారు. ముందు ఓపిక అయిపోతుంది, తరువాత రోగి మనిషిలా కాక ఒక నెంబరులా కనిపిస్తాడు, చివరకు తాను చేస్తున్న పనికి విలువ లేదనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ఇది జబ్బుగా కాక, సరిగా సంబాళించని పని ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా నమోదైంది. కాబట్టి నర్సమ్మ ముభావంగా ఉంటే వెంటనే గొంతు పెంచకండి. మన రోగి పేరు చెప్పి, సలాం లేదా నమస్కారం చెప్పి, ఆమె చేసిన పనికి ఒక మంచి మాట చెప్పండి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞుడు కాడన్నది మన దైవప్రవక్త (స) బోధ. ఆ కృతజ్ఞతకు ఎదుటివారి మతంతో పని లేదు.

జమాఅత్ చేయగలిగింది

ఉత్తరాంధ్రలో మన జనాభా తక్కువ, ఇళ్ళు దూరదూరంగా ఉంటాయి. అందుకే మన మస్జిదు కమిటీల మీద బాధ్యత ఇంకా ఎక్కువ. హజ్రత్ జాఫర్ (రజి) షహీద్ అయిన వార్త వచ్చినప్పుడు వారి ఇంటివారికి భోజనం తయారుచేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఇంట్లో మరణం సంభవించినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా వండించేవారు. అది యవల పిండితో చేసే జావ. రోగికీ, దుఃఖంలో ఉన్నవారికీ అది గుండెకు సేద తీరుస్తుందని ఆమె చెప్పేవారు. చూడండి, ఒకే గిన్నెలోని జావ రోగికీ ఇచ్చారు, రోగి కోసం కుమిలినవారికీ ఇచ్చారు.

మొహల్లాలో ఒక ఇంట్లో రోగి ఉంటే వారంలో రెండు రోజులు ఆ ఇంటికి వంట పంపండి. డయాలసిస్ రోజున ఒక యువకుడు ఆటోలో తోడు వెళ్ళవచ్చు. నెలకు ఒకసారి ఆడవారి ఇజ్తెమాలో సేవ చేస్తున్న సోదరీమణులను కలిపి కూర్చోబెడితే, తమ కష్టం ఒక్కరిదే కాదని వారికి తెలుస్తుంది.

కొన్ని సూచనలను మాత్రం తేలికగా తీసుకోకూడదు. వారాలు గడిచినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, నమాజులో కూడా మనసు నిలవక అన్నిటిపై ఆశ పోవడం, రోగి మీద చేయి లేవడం, చనిపోవాలనిపించడం. ఇవి కనిపిస్తే తావీజు కోసం తిరుగుతూ కాలం వృథా చేయకండి. వైద్యం చేయించుకోమని మనకు బోధించిన దైవప్రవక్త (స) మనసు జబ్బును ఆ మాట నుంచి మినహాయించలేదు. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నెంబరుకు ఫోను చేసి ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసినవి

1. ఇయాదత్‌కు వెళ్ళినప్పుడు రోగిని పలకరించాక, సేవ చేస్తున్నవారిని కూడా విడిగా పలకరించండి.

2. తీమార్‌దారీ ఇబాదత్. దాన్ని ఒక్కరి మీదే వదిలేయడం ఆ ఒక్కరికి చేసే జుల్మ్.

3. తల్లిదండ్రుల సేవ మొదట సంతానం బాధ్యత. కోడలు చేసేది ఉపకారం, దానికి కృతజ్ఞత తప్పనిసరి.

4. అలసట, కన్నీరు సహనానికి వ్యతిరేకం కాదు. వాటిని దాచుకునే పరిస్థితి కల్పించడమే ప్రమాదం.

5. వారానికొక మష్వరా, సేవ చేసేవారికి వారానికొక పూట విశ్రాంతి. ఈ రెండూ ఈ వారమే మొదలుపెట్టండి.

అల్లాహ్ మన రోగులకు షిఫా ప్రసాదించుగాక. వారి పక్కన మేల్కొని ఉన్నవారి రాత్రులను తన దగ్గర పుణ్యంగా జమచేయుగాక. వారి భారంలో ఒక కొసనైనా పట్టుకునే బుద్ధి మనందరికీ ఇచ్చుగాక. ఆమీన్.